ఎండలో, ఉక్కలో కారు సెల్ఫ్ మొరాయిస్తే: బ్యాటరీ మార్చే ముందు ఏమేం కొలవాలి

వేడి ప్రాంతాల్లో కారు బ్యాటరీ పాడయ్యేది ఎండాకాలంలో. ఆ సంగతి మనకు తెలిసేది మాత్రం నాలుగు వానలు పడ్డాకే. ఇన్నాళ్లూ బాగానే ఉంది, వానకు తడిసి పోయిందనుకుంటాం. నిజానికి అది రెండు నెలల ముందే లోపల ఉడికిపోయింది. వైపర్లు, లైట్లు, అద్దాల మీద ఆవిరి పోగొట్టే ఫ్యాను అన్నీ ఒకేసారి నడపాల్సి వచ్చేసరికి దాని ఓపిక అయిపోయింది, అంతే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. సెల్ఫ్ కొట్టకపోతే పాపమంతా బ్యాటరీ మీదికే నెడతారు. నేనూ అలాగే ఒకసారి కొత్త బ్యాటరీ కొని వేయించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే ‘టక్’ చప్పుడు. చివరికి తేలిందేమంటే, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ వైరు చివర చిలుము పట్టి ఉంది. పాత బ్యాటరీలో ఇంకా ఏడాది ప్రాణం ఉండేదేమో! అప్పటి నుంచి ముందు కొలుస్తాను, తర్వాతే మారుస్తాను. ఆ కొలిచే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మెకానిక్ షెడ్డులో వినిపించే మాటలే వాడతాను. సెల్ఫ్ అంటే స్టార్టర్ మోటారు, డైనమో అంటే ఆల్టర్నేటర్.

దగ్గర ఉంచుకోవలసినవి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు, ఖరీదైనది అక్కర్లేదు. దానితో పాటు టెర్మినళ్లకు సరిపోయే స్పానర్ (చాలా కార్లకు 10 నంబరు), వైర్ బ్రష్, రబ్బరు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు, వంటసోడా, పెట్రోలియం జెల్లీ. మూతలు ఉన్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ కూడా. కళ్లద్దాలు ఎందుకులే అనిపిస్తుంది గానీ, బ్యాటరీలో ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. ఛార్జింగ్ అవుతున్నప్పుడు బయటికొచ్చే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. చేతికి ఉంగరం, ఇనప గొలుసు గడియారం ఉంటే తీసేయండి. స్పానర్ ఒక కొస ప్లస్ టెర్మినల్‌కు, మరో కొస బాడీకి తగిలితే ఏమవుతుందో ఒక్కసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు.

1. తెల్లవారి, కారు తీయకముందు వోల్టేజీ చూడండి

రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ మాత్రమే నిజం చెబుతుంది. కారు ఆపిన వెంటనే కొలిస్తే ప్లేట్ల పైపైన నిలిచిన ఛార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి మోసపోతాం. కాబట్టి పొద్దున్నే బోనెట్ ఎత్తండి. తలుపు తీసినప్పుడు లోపలి కంప్యూటర్లు మేలుకుంటాయి, కాసేపు ఆగితే మళ్లీ నిద్రపోతాయి. అప్పుడు మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించండి.

12.6 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. లోపల ఆరు గదులుంటాయి, ఒక్కో దానికీ 2.1 వోల్టులు. ఎంత ఛార్జి చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఆ ఆరింటిలో ఒక గది చచ్చిపోయింది. దానికి వైద్యం లేదు.

ఇక్కడ వేడి చేసే పని ఏమిటో చెప్పాలి. ప్రతి 10 డిగ్రీలకూ లోపలి రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. వినడానికి మంచిదే అనిపిస్తుంది, నిజంగానే వేడిగా ఉన్నప్పుడు బ్యాటరీ సెల్ఫ్‌ను చురుగ్గా తిప్పుతుంది కూడా. అయితే ప్లస్ ప్లేటు జాలీని తినేసే తుప్పు కూడా అదే లెక్కన పెరుగుతుంది. నీరు ఆవిరై పోవడం పెరుగుతుంది, ఊరికే నిలబెట్టినా ఛార్జి కారిపోవడం పెరుగుతుంది. ఎండ 40 డిగ్రీలుంటే ట్రాఫిక్‌లో నిలిచిన కారు బోనెట్ కింద 60 దాటడం మామూలే. అందుకే వేడి చోట్ల బ్యాటరీ మెల్లమెల్లగా నీరసించి హెచ్చరించదు. నిన్న సాయంత్రం బాగానే ఉంటుంది, ఇవాళ పొద్దున ఉండదు. ఛార్జి తగ్గిన స్థితిలో రోజుల తరబడి ఉంచితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, వేడిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. 12.4 కంటే తక్కువ కనబడితే రేపు చూద్దాంలే అనకుండా అదే రోజు ఛార్జరు పెట్టండి.

2. కళ్లతో, ముక్కుతో, చేత్తో చూడండి

మీటరు పక్కన పెట్టి బ్యాటరీ పక్కల వైపు చూడండి. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే లోపల అతిగా వేడెక్కింది. ఇక దాన్ని ఛార్జి చేయొద్దు, పక్క కారు నుంచి కేబుల్ కూడా ఇవ్వొద్దు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంజన్ ఆపి దూరంగా జరగండి. ఓవర్‌ఛార్జి అయినప్పుడో, లోపల షార్ట్ అయినప్పుడో వచ్చే వాయువు అది. పీల్చడం ప్రమాదం.

మూతలున్న రకమైతే నీటి మట్టం చూడండి. ప్లేట్లు తేలి కనిపిస్తే ఆ మేరకు బ్యాటరీ ఇప్పటికే నష్టపోయింది. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లలో ఉండే ఖనిజాలు ప్లేట్లను పాడుచేస్తాయి. యాసిడ్ అసలు పోయకూడదు, ఎందుకంటే ఆవిరై పోయింది నీరే, యాసిడ్ లోపలే ఉంది. గుర్తు వరకే పోయండి. ఛార్జి తగ్గి ఉన్న బ్యాటరీ అయితే ప్లేట్లు మునిగే వరకు పోసి, ఛార్జింగ్ పూర్తయ్యాక మిగతాది నింపండి. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి టెర్మినళ్ల మీద పడుతుంది. ఎండాకాలంలో నెలకోసారి చూడటం మంచిది. సీల్డ్ బ్యాటరీలో ఈ బాధ లేదు. అలాగని దానిలో నీరు తగ్గదనుకోవద్దు, తగ్గితే పోసే దారి లేదన్నదే తేడా.

ఇక తేమ సంగతి. టెర్మినళ్ల చుట్టూ పేరుకునే తెల్లటి పొడి సీసపు సల్ఫేటు. నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉంటే రాగి తీగ కరిగిపోతోందని అర్థం. యాసిడ్ ఆవిరికి గాలిలో తేమ తోడైతే ఇది పెరుగుతుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలి కూడా కలిస్తే ఇక అడగక్కర్లేదు. బ్యాటరీ పైన దుమ్ము, తేమ కలిసి పట్టిన జిడ్డు కూడా కరెంటును కొద్దికొద్దిగా ప్రవహింపజేస్తుంది. నమ్మకం కుదరకపోతే మీటరు నల్ల వైరును మైనస్ టెర్మినల్‌కు ఆనించి, ఎర్ర వైరు మొనను బ్యాటరీ పైభాగం మీద అటూ ఇటూ జరపండి. ప్లాస్టిక్ మీద వోల్టేజీ కనిపించడం చూస్తే ఆశ్చర్యంగానే ఉంటుంది.

శుభ్రం చేసేటప్పుడు ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరుస తప్పకూడదు. విప్పే ముందు ఆడియో సిస్టమ్‌కు కోడ్ అడిగే కారేమో యజమాని పుస్తకంలో చూసుకోండి. గ్లాసుడు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పొడి మీద పోస్తే బుసబుస పొంగుతుంది. మూతల సందుల్లోకి మాత్రం పోనివ్వకండి. పొంగు ఆగాక వైర్ బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి. క్లాంపు (వైరు చివర టెర్మినల్‌ను పట్టుకునే బిగింపు) లోపలి వైపు కూడా మెరిసేదాకా రుద్దాలి, అసలు కరెంటు వెళ్లేది అక్కడే. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి. ముందే రాసి బిగించే అలవాటు కొందరికి ఉంది, నాకైతే నచ్చదు. లోహానికి లోహం గట్టిగా పట్టాక బయట తేమ తగలకుండా రాస్తే సరిపోతుంది.

3. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ ఎంతకు పడుతోంది?

దీనికి ఇంకొకరి సాయం కావాలి. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మీటరు బ్యాటరీకి ఆనించి పెట్టి, లోపల కూర్చున్నవారిని తాళం తిప్పమనండి. మీ చేతులు, మీటరు వైర్లు, చొక్కా అంచులు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 వోల్టులకు పైన నిలబడితే బ్యాటరీ ఫరవాలేదు. 10 దాటి ఉంటే ఇంకా మంచిది. తెల్లవారి 12.6 చూపించి, తాళం తిప్పగానే 8కో 7కో కూలిపోతే ఆ బ్యాటరీకి లోపల బలం లేదు. అసలు తెలుసుకోవలసిన మూడో సందర్భం ఇంకొకటుంది. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది, లేదా ‘టక్’మని ఆగిపోతోంది, అయినా బ్యాటరీ దగ్గర 11.5 కంటే తగ్గడం లేదు. అలా ఉంటే బ్యాటరీ నిర్దోషి. కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోంది. కింది పని అందుకే.

4. దారిలో ఎంత పోతోందో పట్టుకోండి

ఈ పరీక్షను చాలామంది చేయరు. తేమ ఉన్న చోట అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. సెల్ఫ్ తిప్పడానికి పెట్రోలు కారులో సుమారు 100 నుంచి 200 ఆంపియర్లు కావాలి, డీజిల్‌కు ఇంకా ఎక్కువ. 150 ఆంపియర్లు పోయే దారిలో ఓములో నూరో వంతు నిరోధం ఉన్నా చాలు, ఒకటిన్నర వోల్టు అక్కడే వేడిగా మారి పోతుంది. అంత చిన్న నిరోధాన్ని మల్టీమీటర్ ఓమ్ సెట్టింగ్‌లో పట్టుకోలేం, వైరు బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. కరెంటు పారుతుండగా వోల్టేజీ తేడా చూడటం ఒక్కటే మార్గం.

మొదట మైనస్ వైపు చూడండి. నల్ల వైరు బ్యాటరీ మైనస్ సీసపు గుబ్బకు (క్లాంపుకు కాదు), ఎర్ర వైరు ఇంజన్ మీద రంగు లేని శుభ్రమైన లోహానికి ఆనించండి. సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. అర వోల్టు, వోల్టు కనిపిస్తే ఎర్త్ దారి పాడైంది. ఇప్పుడు ఎర్ర వైరును గుబ్బ నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కు ఒక్కో అడుగు జరుపుతూ మళ్లీ మళ్లీ కొలిస్తే అంకె ఎక్కడ ఎగురుతుందో అక్కడే దొంగ దొరుకుతాడు. నాకు దొరికింది బాడీకీ ఇంజన్‌కూ మధ్య ఉన్న అల్లిక తీగ దగ్గర. పైకి చూస్తే శుభ్రంగానే ఉంది, బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము.

ప్లస్ వైపు కూడా ఇంతే. బ్యాటరీ ప్లస్ గుబ్బకూ, సెల్ఫ్ మోటారు వెనక లావు వైరు బిగించిన బోల్టుకూ మధ్య కొలవాలి. అర వోల్టు దాటకూడదు. కొన్ని కార్లలో ఆ బోల్టు అందాలంటే కారు ఎత్తాలి. జాకీ మీద ఒట్టిగా నిలబెట్టిన కారు కిందికి మాత్రం దూరకండి. అందకపోతే ఈ ఒక్క కొలత మెకానిక్‌ను అడగండి.

తప్పు దొరికితే విప్పి, రుద్ది, బిగించడమే మందు. వైరు లోపలికంటా నల్లబడి ఉంటే మార్చేయండి. పైతోలు తీసి చూస్తే రాగి మెరవాలి.

5. వేడి మీద మాత్రమే సెల్ఫ్ రాకపోతే

చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా స్టార్టవుతుంది. దూరం నడిపి, పది నిమిషాలు ఆపి మళ్లీ తిప్పితే పలకదు. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. దీనికి కారణం ఇంజన్ ఆపాక కూడా సైలెన్సర్ గొట్టం వేడి పక్కనే ఉన్న సెల్ఫ్‌లోకి ఎక్కడం. అప్పటికి ఫ్యాను, గాలి రెండూ ఆగిపోయి ఉంటాయి. రాగి తీగ 25 డిగ్రీల నుంచి 100కు వెళితే దాని నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది. సోలనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే విద్యుదయస్కాంతం) చుట్టకు అందే కరెంటు ఆ మేరకు తగ్గుతుంది, లాగాల్సిన బలం చాలదు. అరిగిన కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించేవి), ఎండిపోయిన బుష్‌లు (ఇరుసును మోసేవి) ఉంటే ఇంకా తొందరగా మొండికేస్తుంది.

3, 4 పరీక్షలను అలా మొండికేసిన క్షణంలోనే చేయండి, చల్లారాక చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. బ్యాటరీ, వైర్లు రెండూ నిర్దోషులని తేలితే సెల్ఫ్ విప్పించి బ్రష్‌లు, బుష్‌లు, సోలనాయిడ్ చూపించండి. సెల్ఫ్‌కూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య రేకు కవచం ఉండాల్సిన కారులో అది ఊడిపోయిందేమో కూడా చూడమనండి. పాత రిపేరులో విప్పి మళ్లీ పెట్టడం మరిచిపోయే వస్తువుల్లో అది మొదటిది. ఈలోగా సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఏకబిగిన కొట్టకండి. మళ్లీ ప్రయత్నించే ముందు ఒకటి రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

6. డైనమో ఛార్జి ఇస్తోందా, ఎక్కువిస్తోందా?

ఇంజన్ స్టార్ట్ చేసి బ్యాటరీ దగ్గర కొలవండి. మామూలు కార్లలో 13.8 నుంచి 14.5 వరకు కనిపించాలి. 13 కంటే తక్కువైతే ఛార్జింగ్ చాలడం లేదు. 14.8 దాటి అక్కడే ఉంటే రెగ్యులేటర్ (డైనమో వోల్టేజీని అదుపులో ఉంచేది) పాడైంది, ఎండాకాలంలో అది బ్యాటరీలో నీళ్లను మరిగించేస్తుంది.

అంకె చూసి తొందరపడవద్దు. బ్యాటరీ వేడెక్కేకొద్దీ దానికి ఇవ్వాల్సిన వోల్టేజీ తగ్గాలి, డిగ్రీకి సుమారు 0.02 వోల్టు. మంచి రెగ్యులేటర్ ఆ పని తనే చేస్తుంది. అందుకే పొద్దున 14.4 చూపించిన కారు మధ్యాహ్నం వేడి మీద 13.7 చూపిస్తే అది రోగం కాదు. కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉండి, కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటిలో ఒక్కోసారి 12.7 కనిపించి మరోసారి 15 దాకా పోవచ్చు. అటువంటి కారును ఒక్క రీడింగ్ చూసి తప్పుపట్టడం అన్యాయం. అన్ని లైట్లూ వేసి పది నిమిషాలు గమనించండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఏసీ పూర్తిగా, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, వైపర్లు అన్నీ వేసి ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచండి. ట్రాఫిక్‌లో వాన కురిసే రాత్రి డైనమో పరిస్థితి సరిగ్గా ఇదే. ఐడిల్‌లో అది తన పూర్తి శక్తి ఇవ్వలేదు, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. 13కు కాస్త అటూ ఇటూ ఉంటే సరే. 12.6 కంటే కిందికి జారి, ఇంజన్‌ను కొద్దిగా రేజ్ చేసినా లేవకపోతే బెల్టు చూడండి. తడిసినప్పుడు కీచుమంటే బెల్టు వదులైంది, లేదా నున్నగా అరిగింది. బెల్టు బాగుంటే డైనమో బ్రష్‌లు, రెగ్యులేటర్ మీద అనుమానపడాలి.

మీటరును ఏసీ (చల్లగాలి ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల వైపు తిప్పి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి చూడండి. అర వోల్టుకు మించి కనిపిస్తే డైనమోలో డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) పోయినట్టే. వేడికి ఎక్కువగా బలయ్యేవి అవే. పోయిన డయోడ్ రాత్రంతా బ్యాటరీని ఖాళీ చేయగలదు కూడా.

7. నిలబెట్టిన కారులో కరెంటు కారిపోతోందా?

పై పరీక్షలన్నీ సరిగ్గా ఉండి, రెండు మూడు రోజులు తీయకపోతే మాత్రం బ్యాటరీ దిగిపోతోందంటే ఇది చూడాలి. మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, మైనస్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరును కలపండి. కారు తాళం వేసి కనీసం అరగంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సాధారణమే. అంతమాత్రం కూడా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు తింటుంది, నెలకు 36. చిన్న కారు బ్యాటరీలో ముప్పావు వంతు హరించుకుపోయినట్టే! మీటరు అలా ఉండగా తాళం తిప్పొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎక్కువ కనిపిస్తే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతే ఆ దారిలోనే వెతకాలి. బయట బిగించిన కెమెరాలు, అలారాలు మొదటి అనుమానితులు.

8. వాన తర్వాత

ఇంజన్ మీద నేరుగా ప్రెషర్ నీళ్లు కొట్టించడం నాకు అస్సలు నచ్చని పని. డైనమోకు గాలి ఆడే కిటికీలుంటాయి, నీళ్లు అందులోంచే పోతాయి. ఎక్కువ తడిసిన కారైతే ఫ్యూజ్ బాక్స్ మూత తీసి రిలేల (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చుల) కాళ్లు పచ్చబడ్డాయేమో చూడండి. పచ్చగా ఉంటే బ్యాటరీ మైనస్ తీసి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. ముంపు నీళ్లలో సెల్ఫ్ మునిగిన కారును స్టార్ట్ చేసే ప్రయత్నమే వద్దు. గాలి గొట్టంలోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కంటే ముందు ఇంజన్ పోతుంది.

9. దారిలో ఆగిపోతే, బ్యాటరీ మార్చాల్సి వస్తే

పక్క కారు నుంచి కేబుల్ ఇచ్చేటప్పుడు ఎర్ర కేబుల్ మొదట మన ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్లది వాళ్ల మైనస్‌కు, చివరి కొస మన ఇంజన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న లోహానికి. నిప్పురవ్వ పుట్టేది ఆ చివరి కలయికలోనే, అందుకే దాన్ని బ్యాటరీకి దూరంగా పెట్టాలి. స్టార్టయ్యాక ఇంటికి చేరి ఛార్జరు పెట్టండి. పూర్తిగా దిగిన బ్యాటరీని నింపే బాధ్యత ఎండలో ఐడిల్‌లో ఉన్న డైనమో మీద వేస్తే, ఒకటి బాగుచేయబోయి రెండోది కాల్చుకున్నట్టవుతుంది.

మార్చడమే ఖాయమైతే తయారీ తేదీ చూసి, నెలల తరబడి నిలవ ఉండనిది తీసుకోండి. కంపెనీ చెప్పిన రకమే వేయండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగే కార్లకు మామూలు బ్యాటరీ నిలవదు. పాతదాని చుట్టూ ఉన్న గుడ్డ తొడుగునో ప్లాస్టిక్ కవచాన్నో ‘ఇదెందుకు’ అని పారేయనివ్వకండి. అది అలంకారానికి కాదు, ఇంజన్ వేడి తగలకుండా పెట్టింది. కింద పట్టీ బిగించారో లేదో ఊపి చూడండి. సెన్సర్ ఉన్న కార్లలో కొన్నిటికి కొత్త బ్యాటరీ సంగతి కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేకపోతే పాతదనుకునే ఛార్జి చేస్తుంది.

కొత్తది వేసిన వారం లోపు 1, 3, 4, 6 పరీక్షలు ఇంకోసారి చేసి, వచ్చిన అంకెలు తేదీతో సహా ఒక కాగితం మీద రాసి యజమాని పుస్తకంలో పెట్టుకోండి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మళ్లీ కొలవండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4 దగ్గర నిలిచిన అంకె 9.8కి వచ్చిందంటే, వానలు మొదలయ్యేలోపే బ్యాటరీ సంగతి చూసుకోవాలి.